నా చీటీలో లేని మాటలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. మా ఇంట్లో ఎవరికీ దయ్యం కనపడలేదు. కనపడినా మా నాన్న దాన్ని కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పమనేవారు. ఆయన మిషన్ బడిలో లెక్కల మాస్టారు. నేను దయ్యాల్నే కాదు, ప్రవక్తల్నీ నమ్మేదాన్ని కాదు. "ప్రభువు నాతో ఒక మాట చెప్పాడు" అని ఎవరైనా మొదలెడితే, "నా అడ్రసు కూడా ఆయన దగ్గరుంది, నాతో చెప్పలేదే" అనేదాన్ని. ఇప్పటికీ నా నోరు అంతే. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మేం గుంటూరు వైపు క్రైస్తవులం. నాన్న మాకు నేర్పిన పద్ధతి చాలా సాదా. వాక్యం చదువు, ప్రార్థన చెయ్యి, పెద్దల్ని అడుగు, ఆపైన దేవుడిచ్చిన బుర్ర వాడు. ఇవన్నీ ఒక మాట మీదికి వస్తే అదే దేవుడి నడిపింపు అనేవారు. ఎవరైనా లేచి ప్రవచనం చెప్తే కొట్టిపారెయ్యకు, అలాగని పరీక్షించకుండా మింగెయ్యకు అనేవారు. మొదటి సగం నేను పెద్దగా పట్టించుకోలేదు.

తొంభైల మొదట్లో నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు వచ్చేస్తున్న రోజులవి. మధురానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, రోజూ ఫిల్మ్ నగర్‌లోని రికార్డింగ్ థియేటర్‌కి వెళ్లేదాన్ని. ఆ గుట్ట ఎక్కమంటే ఆటోవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్లకు తెలుగు నా నోట్లోంచే వచ్చేది. భక్తి సినిమాల్లో అమ్మవారికి కూడా గొంతిచ్చాను. మా సంఘంలో కొందరికి అది మింగుడు పడలేదు. పడకపోతే పడకపోయిందిలే అనుకున్నాను.

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. ఆ రోజుల్లో సినిమా రీలుని చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క రెండు చివర్లూ అతికించేవారు. దాన్ని లూపు అంటారు. తెర మీద అదే ముక్క గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పెదాలకి మాట కుదిరేదాకా మేం అదే డైలాగు చెప్తూనే ఉండాలి. డైలాగు కాయితం మీద ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా నేనొక ఏటవాలు గీత పెట్టుకునేదాన్ని. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియనివాళ్లు ఈ పనికి రారు.

మా అక్క సుగుణ మోతీనగర్‌లో ఉండేది. బావ జోసెఫ్ దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. మెత్తటి మనిషి, ఎవరు ఏమన్నా తలాడించే రకం. వాళ్ల మేడ మీద రేకుల గదిలో శనివారం శనివారం ఉపవాస ప్రార్థన జరిగేది. దాన్ని నడిపించేది ప్రభుదాస్ అన్న. రాజమండ్రి వైపు మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ప్రవచన వరం ఉన్నవాడని పేరు. ఎవరి దగ్గరా పైసా ముట్టేవాడు కాదు, అది ఒప్పుకోవాలి. పైగా ఆయన ఒక నియమం పెట్టాడు. ఎవరి నోట ప్రవచనం వచ్చినా టేప్‌లో ఎక్కాలి, నెరవేరిందో లేదో తర్వాత చూసుకోవాలి. అందుకని ప్రతి శనివారం బావ టూ-ఇన్-వన్‌లో కొత్త క్యాసెట్టు పెట్టి, ఎర్ర మీట నొక్కి కూర్చునేవాడు.

అక్కకి కుడి రొమ్ములో గడ్డ తేలింది. డాక్టరమ్మ చూసి వెంటనే ఆపరేషన్ చేసి తీసేయాలి, తీసిన గడ్డని పరీక్షకు పంపాలి అంది. ఈ సంగతి నాకూ బావకీ తప్ప ఎవరికీ తెలియదు. ప్రార్థనలో "ఒంట్లో గడ్డ" అని మాత్రం చెప్పింది. ఎక్కడ అని ఆడవాళ్లు అడిగినా చెప్పలేదు. ఆ కాలంలో అలాంటివి ఎవరు చెప్పుకుంటారు?

ఆ శనివారం ప్రభుదాస్ అన్న అక్క తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "నా కుమారీ, నీ ఒంటి మీద కత్తి పడదు, నేనే నిన్ను ముట్టి బాగుచేస్తాను అని ప్రభువు సెలవిస్తున్నాడు" అన్నాడు. అంతే. అక్క ఆపరేషన్ మానేసింది.

నేను వెళ్లి పోట్లాడాను. ఒకసారి కాదు, వారం వారం.

"ప్రభువు మాటిచ్చాక ఆసుపత్రికి పోతే ఆయన్ని నమ్మనట్టే కదే లతా" అంది అక్క.

"నాన్నకి టైఫాయిడ్ వస్తే డాక్టరు దగ్గరికి మోసుకుపోయింది ఎవరు? అప్పుడు నమ్మకం లేకేనా?" అన్నాను.

"అప్పుడు మాట రాలేదుగా" అంది. బావని అడిగితే నేల చూశాడు. మా పాస్టరు గారిని పంపిస్తే, ఆయనకి కాఫీ ఇచ్చి, ప్రార్థన చేయించుకుని పంపేసింది. నాలుగు నెలలు అలా గడిచాయి. అక్క చిక్కిపోతోందని నాకనిపించేది. నిజంగా చిక్కిందో, నా భయమే అలా చూపించిందో తెలియదు. థియేటర్‌లో నిలబడి ఎవరో హీరోయిన్ ఏడుపు ఏడుస్తుంటే నా ఏడుపు వచ్చేసేది. టేకు బాగా వచ్చిందని మెచ్చుకునేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్లో అన్నం ముందు కూర్చుని ఉండగా నాకు తట్టింది. ప్రవచనాన్ని కొట్టాలంటే ఇంకో ప్రవచనమే కావాలి. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి. అమ్మవారికి గొంతిచ్చినదాన్ని, యెహోవాకి ఇవ్వలేనా?

చదివేవాళ్లలో నా మతంవాళ్లు ఉంటే ఇక్కడ చెవులు మూసుకుంటారని తెలుసు. దేవుడు చెప్పనిది చెప్పాడనడం మాలో ఎంత పెద్ద పాపమో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసే చేశాను. మా అక్క చచ్చిపోతుంటే నా చేతులు శుభ్రంగా ఉంచుకుని ఏం చేసుకోను?

పాత్రలోకి దిగడానికి నెల పట్టింది. వరసగా నాలుగు శనివారాలు ఉపవాసం ఉండి, కొంగు కప్పుకుని, చాప మీద ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. నా నోటి సంగతి తెలిసినవాళ్లంతా లతలో మార్పు వచ్చిందని సంతోషపడ్డారు. ఈలోగా డైలాగు రాసుకున్నాను. ఐదు వాక్యాలు. వైద్యుడి చెయ్యి కూడా నేను చేసిందే, భయపడక వెళ్లు, నేను నీ పక్కనే నడుస్తాను, ఇలాంటివి. ఊపిరికి గీతలు కూడా పెట్టుకున్నాను. థియేటర్ వెనక బాత్‌రూంలో తలుపేసుకుని రిహార్సల్ చేశాను. గొంతు మరీ గంభీరంగా ఉంటే సినిమాలా ఉంటుందని కొంచెం వణుకు కలిపాను.

ఐదో శనివారం పొద్దున పదకొండు దాటింది. పాటలు అయిపోయాయి. అందరూ ఎవరికి వాళ్లు ప్రార్థన చేసుకుంటున్నారు. పైన రేకులు కాగుతున్నాయి. చీటీ జాకెట్లో ఉంది, కానీ దాని అవసరం లేదు, నిద్రలో లేపినా చెప్పగలను. లేచి నిలబడ్డాను. "నా కుమారీ" అన్నాను.

ఆ రెండు మాటలే నాకు గుర్తున్నాయి.

తర్వాత గుర్తున్నది, నా వీపు మీద ఒక చెయ్యి. బోరబండ నుంచి వచ్చే బాలమ్మది. గదిలో చప్పుడు లేదు. కళ్లు తిరిగి పడలేదు నేను, నిలబడే ఉన్నాను. అక్క ఎదురుగా గోడకి ఆనుకుని, తెల్లబోయి నన్నే చూస్తోంది. ప్రభుదాస్ అన్న నోరు తెరిచి ఉంది. నేను మర్చిపోయాననుకున్నాను. డైలాగు మర్చిపోయి బిక్కమొహం వేసుకుని నిలబడ్డానని సిగ్గుతో చచ్చిపోయాను.

మెట్లు దిగుతుంటే బాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "గట్లెట్ల చెప్పినవ్ బిడ్డా? నీ మొఖం జూస్తే నాకు బయమైంది. రెప్ప గూడ కొట్టలే నువ్వు" అంది.

"ఏం చెప్పానమ్మా?" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి చెయ్యి వదిలేసింది.

బావ క్యాసెట్టు వెనక్కి తిప్పి వినిపించాడు. "నా కుమారీ" అన్నంతవరకూ నేను రిహార్సల్ చేసిన గొంతే, ఆ దొంగ వణుకుతో సహా. ఆ తర్వాత వణుకు లేదు. గంభీరం లేదు. రేషన్ షాపులో సరుకుల పేర్లు చదివినట్టు ఉంది. "సుగుణా, కుడివైపుది నిన్నేమీ చెయ్యదు. ఎడమ చంక కింద చూడమను. బఠాణీ గింజంత ఉంది. నెల దాటనివ్వకు. ఎవరి మాటా వినకు, లేచి వెళ్లు." ఇదే మూడుసార్లు ఉంది. నా చీటీలో ఉన్న ఒక్క మాటా అందులో లేదు. ప్రభువు సెలవిస్తున్నాడు అని కూడా లేదు.

గొంతు మాత్రం నాదే. అందులో అనుమానం లేదు, నా గొంతు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

అక్క బాత్‌రూంలోకి వెళ్లి ఎడమవైపు తడుముకుని చూసుకుంది. ఏమీ తగల్లేదని వచ్చి చెప్పింది. నేనూ చూశాను, నాకూ తగల్లేదు. అయినా సోమవారం పొద్దున్నే తనే చీర కట్టుకుని, పాత రిపోర్టులు సంచిలో పెట్టుకుని, పద అంది. బావ సెలవు పెట్టాడు. నాలుగు నెలల నా పోట్లాటకి కదలని మనిషి, నేను చెప్పిన జ్ఞాపకం కూడా లేని మాటకి కదిలింది.

ఇన్నాళ్లు ఏం చేశారని డాక్టరమ్మ మా ముగ్గుర్నీ దులిపేసింది. ఎడమ చంక కింద కూడా చూడండి అని అక్క అడిగితే విసుగ్గా చూసింది. మొదటిసారి ఏమీ లేదంది. అక్క మళ్లీ చూడమంది. మూడోసారి చెయ్యి పైకెత్తించి, పక్కకి తిప్పి, వేళ్లతో గట్టిగా నొక్కి చూస్తూ ఒక్కచోట ఆగిపోయింది. "ఇది మీకెవరు చెప్పారు?" అంది. "మా చెల్లెలు" అంది అక్క. డాక్టరమ్మ నా వైపు తిరిగి, నర్సువా అని అడిగింది. సినిమాల్లో గొంతిస్తానండీ అన్నాను.

రెండు వైపులా ఆపరేషన్ చేశారు. కుడివైపు గడ్డ ఉత్త గడ్డే, ప్రమాదం లేనిది. ఎడమవైపు బఠాణీ గింజ కేన్సర్. ఇంకా పాకలేదన్నారు. ఐదు నెలల కిందట నేనూ డాక్టరమ్మా చెప్పిన మాట విని ఆపరేషన్ చేయించుకుని ఉంటే, కుడివైపుది తీసి, భయం లేదని చెప్పి ఇంటికి పంపేసేవాళ్లు, మేం స్వీట్లు పంచుకునేవాళ్లం. ఎడమవైపుది అక్కడే ఉండేది. ఈ సంగతి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. నేను చెప్పిందీ తప్పే, ప్రభుదాస్ అన్న చెప్పిందీ తప్పే.

అక్కకి రేడియేషన్ ఇస్తున్న రోజుల్లోనే నేను ఆ క్యాసెట్టు థియేటర్‌కి తీసుకెళ్లాను. మా సౌండ్ ఇంజనీరు మూర్తి గారు దేవుడి పటానికి దణ్ణం పెట్టకుండా మెషీన్ ఆన్ చెయ్యని మనిషే గానీ, శబ్దం విషయంలో ఎవర్నీ నమ్మరు. ఏమీ చెప్పకుండా వినిపించాను.

రెండుసార్లు విని, "ఊపిరెక్కడ తీసుకున్నావమ్మా?" అన్నారు.

నేను కూడా అప్పుడే గమనించాను. లేదు. ఒక్కచోట కూడా లేదు. ఆయన స్టాప్‌వాచ్ తీశారు. ఒక్కోసారికి పన్నెండు సెకన్లు. మూడూ పన్నెండే, మధ్యలో సందు లేదు. మొత్తం ముప్ఫై ఆరు సెకన్లు. నేను గుక్క తిప్పుకోకుండా ఇరవై సెకన్లు మాట్లాడగలను, అంతకు మించి నావల్ల కాదు.

"ఇదేదో లూపు. ఒకసారి చెప్పింది మూడుసార్లు అతికించారు. మనిషి ఒకే డైలాగు మూడుసార్లు చెప్తే మూడు రకాలుగా వస్తుంది, నీకు తెలియనిదా?" అన్నారు.

తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ విన్నారు. వెనక పక్కింటి కుక్కర్ కూత ఉంది. రెండోసారి మధ్యలో మొదలై మూడోసారి మధ్యలో ఆగింది. అతికించిన టేపైతే ఆ కూత ప్రతిసారీ వచ్చేది. హెడ్‌ఫోన్ తీసేసి, క్యాసెట్టు నా చేతిలో పెట్టి, "ఇది నా మెషీన్ మీద మళ్లీ పెట్టకు తల్లీ" అన్నారు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మా పాస్టరు గారు చదువుకున్నవారు. అక్కకి బట్టలు మార్చేటప్పుడు నీ చేతికి ఎప్పుడో తగిలి ఉంటుంది, మనసులో ఉండిపోయి అలా బయటికి వచ్చింది అన్నారు. మంచి మాటే. కానీ నేను అక్కకి ఎప్పుడూ బట్టలు మార్చలేదు. ఉందని తెలిసి వెతికినా నా వేళ్లకి అది తగల్లేదు. పోనీ అదంతా నిజమే అనుకున్నా, కుడివైపుది ఏమీ చెయ్యదని ఏ వేళ్లు చెప్తాయి?

సంగతి పాకింది. మధురానగర్‌లో నా గది ముందు జనం. పెళ్లి కుదురుతుందా అని ఒకరు, ఇల్లు కొనచ్చా అని ఒకరు. ఒక ప్రొడక్షన్ మేనేజర్ అయితే సినిమా దసరాకి వేస్తే మంచిదా, దీపావళికా అని అడిగాడు. అందర్నీ తిట్టి పంపాను. గొంతు కావాలంటే థియేటర్‌కి రండి, నా దగ్గర ఉన్నది అదొక్కటే అన్నాను. ఒకామె ఏడుస్తూ గుమ్మం ముందు కూర్చుంటే మాత్రం తిట్టలేకపోయాను. ఆమెతో కలిసి ప్రార్థన చేశాను, వాళ్లాయన్ని డాక్టరుకి చూపించమన్నాను. అంతకన్నా నాకేమీ రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆరేడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ప్రభుదాస్ అన్న థియేటర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. యూసుఫ్‌గూడలో బస్సు దిగి, ఎండలో గుట్ట ఎక్కి వచ్చాడు. క్యాంటీన్ బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆయన్ని చీల్చి చెండాడాలని ఎన్నాళ్ల నుంచో కాచుకుని ఉన్నాను. ఈలోగా ఆయనే మొదలెట్టాడు.

"పద్దెనిమిదేళ్లుగా చెప్తున్నానమ్మా. ప్రార్థనలో ఏదో మనసులో మెదులుతుంది, ప్రభువే అనుకుని చెప్పేస్తాను. కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు. నీకొచ్చినట్టు నాకు ఒక్కసారీ రాలేదు. ఎలా ఉంటుందమ్మా అది? వెలుగులాగా ఉంటుందా?"

ఆయన కళ్లు చూస్తే నా తిట్లన్నీ ఎటో పోయాయి. నిజం చెప్పాను. "ఏమీ ఉండదన్నా. నాకేమీ తెలియలేదు. నేను ఆ రోజు దొంగ ప్రవచనం చెప్పడానికి లేచాను. రాసుకుని, నేర్చుకుని వచ్చాను."

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేనెప్పుడూ అబద్ధం చెప్పాలని నిలబడలేదమ్మా" అన్నాడు.

"తెలుసన్నా. కానీ మా అక్క చచ్చిపోయేది" అన్నాను. "ఇంకెప్పుడూ రోగికీ డాక్టరుకీ మధ్య నిలబడకండి. దేవుడి పేరు చెప్పి అసలు నిలబడకండి."

నిలబడనన్నాడు. మాట నిలబెట్టుకున్నాడని బాలమ్మ తర్వాత చెప్పింది. ఎవరు రోగం అని వచ్చినా, ముందు డాక్టరుకి చూపించి రండి, ఆపైన మోకరిద్దాం అనేవాడట.

ఆ ముప్ఫై ఆరు సెకన్లు ఎవరు మాట్లాడారో నాకు తెలియదు. దేవుడే అయితే, నిజం చెప్పాలని పద్దెనిమిదేళ్లు కాచుకున్న మనిషిని వదిలి, అబద్ధం చెప్పడానికి వచ్చిన నా నోరే ఎందుకు కావలసి వచ్చింది? దేవుడు కాకపోతే, ఇంకెవరికి మా అక్క మీద అంత శ్రద్ధ? మా నాన్న నేర్పినట్టు పరీక్షించాను, ఏళ్ల తరబడి పరీక్షించాను. లెక్క తేలలేదు. తేలిందని చెప్పేవాళ్లు, అటువైపువాళ్లయినా ఇటువైపువాళ్లయినా, నా దగ్గరికి రావద్దు.

ఇంకొక్క సంగతి ఉంది. నేను దొంగ ప్రవచనానికి లేచానన్న రహస్యం ప్రభుదాస్ అన్న తనతోనే మట్టిలోకి తీసుకెళ్లాడు. నేనూ ఇంకెవరికీ చెప్పలేదు. అక్క ప్రతి ఏడూ కృతజ్ఞత కూడిక పెట్టి, నా పవిత్రురాలైన చెల్లెల్ని దేవుడు వాడుకున్నాడని కన్నీళ్లతో సాక్ష్యం చెప్తుంది. నేను వెనక వరసలో తల దించుకుని కూర్చుంటాను. ఈ పుస్తకం అచ్చయితే మొదటి ప్రతి తనకే వెళ్తుంది.

సుగుణక్కా, నేను పవిత్రురాలిని కాను. ఆ రోజు నిన్ను మోసం చెయ్యడానికే లేచి నిలబడ్డాను. నువ్వు బతకడం కోసం మళ్లీ లేవాల్సి వస్తే, నోట్లోంచి ఏ మాట వస్తుందో తెలియకపోయినా సరే, మళ్లీ లేస్తాను.